నిమిషానికి పన్నెండు చుక్కలు

మస్కట్ పోతా పోతా ఎక్స్‌రే జోబిన్
నా చేతుల్లో ఒక గాజుపెట్టె పెట్టాడు,
దాని మీద కాగితాలు.
యెమెన్ జాతి. మగది. రెండేళ్ళు.
పేరు పెట్టడానికి టైం దొరకలేదంట.
"గిన్నెలో నీళ్ళు పెడితే తాగదు బ్రదర్"
అంటుండగానే లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

వారం రోజులు నల్లగానే ఉండింది,
మాడిన వంకాయలాగా.
ఎటు తిరిగినా గాజులో ఇంకో మగది.
ఇది నోరు తెరిస్తే అదీ తెరిచేది,
ఇది బుస కొడితే అదీ.
నాలుగు గోడలకూ ఒకే శత్రువు.
అది నాకు తట్టడానికి ఒక నైట్ డ్యూటీ పట్టింది.
తెల్లారి మూడింటికి ఐసీయూ అద్దం తలుపులోంచి
ఎవడో నన్ను ఎగాదిగా చూసినాడు,
నేనే.

ఆదివారం శివాజీనగర్.
జబీవుల్లా కొట్లో చుట్టలు చుట్టలుగా వల.
"కోళ్ళకా? పావురాలకా?"
ఆయన ఉర్దూకీ నా మదనపల్లె తెలుగుకీ మధ్య
అరకొర కన్నడం.
ఊసరవెల్లికంటే బుర్ర గోక్కున్నాడు.
"గోసుంబె" అన్నాను.
కత్తెర ఆపి నవ్వాడు:
"అయితే రెండింటికి కొలత రాసుకో,
మా బావమరిదికి కూడా ఒకటి కావాల."

నాలుగడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు,
గోరు ఇరుక్కోనంత సన్నటి వల.
ఎత్తే ముఖ్యం.
మన తలకంటే పైన కూర్చుంటే గానీ దానికి ధైర్యం చాలదు.
మా సూపరింటెండెంటు కూడా అంతే.

మత్తికెరె, రెండో అంతస్తు, బాల్కనీ.
వానకి విరిగిన జామకొమ్మలు కడిగి ఆరబెట్టి
అడ్డంగా, ఏటవాలుగా, ఇష్టమొచ్చినట్టు కట్టినాను.
ఒకటి పెన్సిలంత, ఒకటి బొటనవేలంత.
దాని కాలు పటకారు కదా,
పట్టుకోవడానికి రకరకాల లావులుండాల.
మందార ఒకటి, గొడుగుమొక్క ఒకటి,
ఏమీ అడక్కుండా పాకే మనీప్లాంటు.
పైన ఒక పక్కే బల్బు.
అక్కడ వైశాఖం, ఈ మూల కార్తీకం,
నడవడానికి మధ్యలో రెండడుగులు.

ఇంటి ఓనరు పుట్టమ్మ మెట్లెక్కి వచ్చింది.
"ఏనప్పా ఇదు, దేవర మంటపవా?"
లోపలికి తొంగిచూసి,
"బణ్ణ బదలాయిసుత్తా?"
నేను నోరు తెరిచేలోగా
ఎర్రచీర కొంగు వలకి ఆనించి నిలబడింది.
ఒక నిమిషం. రెండు.
అది ఆకు చాటునుంచి కదల్లేదు,
ఎర్రబడలేదు.
"మోస" అని తేల్చేసింది పుట్టమ్మ.
నాకొచ్చిన కన్నడంలో చెప్పాను:
చలేస్తే ముదురు, కోపమొస్తే చారలు,
నిద్రపోతే పాలిపోతుంది, అంతే అమ్మా,
గోడను చూసి గోడ కాదు.
"మరి మా ఆయన్ని అన్నేళ్ళు
ఆ మాటెందుకు అంటిని?" అని
గాజుపెట్టె చంకనేసుకుని దిగిపోయింది.
ఇప్పుడు అందులో ఎర్రగడ్డలు.

ఇక నీళ్ళు.
గడువు తీరిన సెలైన్ సెట్టు ఒకటి
స్టోర్ సిస్టర్‌ని బతిమాలి తెచ్చుకున్నాను.
సీసా పైన మేకుకి,
గొట్టం కొస మందారాకు మీద.
చక్రం తిప్పి వాచీ చూసుకున్నాను.
నిమిషానికి పన్నెండు.
ఎవరు చెప్పారు పన్నెండని? ఎవరూ చెప్పలేదు.
చేతికి అదే తెలుసు.

మొదటిరోజు తాగలేదు.
ఒక కన్ను చుక్క మీద, ఒక కన్ను నా మీద.
రెండోరోజూ అంతే.
నేను కూడా కదలకుండా కూర్చున్నాను,
ఏడో నంబరు బెడ్డు పక్కన కూర్చున్నట్టు.

మూడోరోజు పొద్దున
వంకాయ రంగులోంచి ఎక్కడో ఒక ఆకుపచ్చ,
దాని పక్కన ఇంకొంచెం.
ముసలాయన మెట్లు దిగినట్టు
ఒక అడుగు వేసి, ఊగి, ఆలోచించి, ఇంకో అడుగు.
ఆకు దగ్గర మూతి పెట్టింది.
గొంతు కదిలింది.

పదకొండేళ్ళుగా చుక్కలు లెక్కపెడుతున్నాను.
ఎన్ని సీసాలు, ఎన్ని మణికట్లు.
చుక్క పడితే ఒక గొంతు కదలడం
చూడలేదు ఇంతవరకూ.
లెక్క తప్పింది.
మళ్ళీ మొదలుపెట్టలేదు.

అడుగున ట్రే పెట్టడం మర్చిపోయినట్టున్నాను.
బాల్కనీ గొట్టంలోంచి నీళ్ళు
కింద ఆరబెట్టిన వడియాల మీదికి.
పుట్టమ్మ గొంతు పైకొచ్చింది:
"మళె బంతేనో?"